పదో తరగతి శ్రేఢులు, రెండు రూపాయల వడ్డీ

ఒకటో తరగతి వాచకంలో ఢంకా బొమ్మ దగ్గర కనిపించిన ‘ఢ’తో నాకు మళ్ళీ పని పడింది పదో తరగతిలోనే. మధ్యలో ఏటా ఆషాఢం వచ్చి పోతూనే ఉండేది గానీ దాన్ని రాయాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. లెక్కల మాస్టారు బోర్డు మీద ‘శ్రేఢులు’ అని రాసి కింద గీత గీసిన రోజు మా క్లాసులో ముప్పాతికమందిమి ‘శ్రేడులు’ అనే ఎక్కించుకున్నాం. మర్నాడు నోట్సులు దిద్దుతూ ఆయన ప్రతి పుస్తకంలోనూ ఆ డ కింద ఎర్రసిరాతో చిన్న గీత పెట్టుకుంటూ పోయారు. “ఇది లేకపోయినా మార్కులు పోవు. కానీ నాకు బాగుండదు” అన్నారు. అప్పటినుంచి ఎక్కడ ఆ మాట రాసినా ముందు ఆ గీత పెట్టానో లేదో చూసుకుంటాను.

అది 2001-02. మా ఊరు నరసరావుపేట దగ్గర. అప్పుడు గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు. జిల్లా పరిషత్ హైస్కూలు, తెలుగు మీడియం. లెక్కలకి రెండు పేపర్లు ఉండేవి, ఒక్కోటి 50 మార్కులు. అందులో 35 మార్కులు రాసే లెక్కలు, 15 మార్కులు బిట్లు. బిట్టుకి అర మార్కు. మొదటి పేపరులో సమితులు, ప్రమేయాలు, బహుపదుల సరసన ఈ శ్రేఢులు ఉండేవి. సమితులు అర్థమైనట్టే ఉండి అర్థం కావు. ప్రమేయాలైతే అర్థం కానట్టే ఉండి నిజంగానే అర్థం కావు. శ్రేఢులు అలా కాదు. ఏం జరుగుతోందో కంటికి కనపడేది. ఒక అంకె, దాని తర్వాత ఇంకో అంకె, ఆ రెంటి మధ్యా ఒక కట్టుబాటు. అందుకే మార్కులు రాని వాళ్ళు కూడా ఆ పాఠం మీద ఆశ పెట్టుకునేవాళ్ళు.

మూడు రకాలు చెప్పారు: ప్రతిసారీ ఒకే అంకె కలుస్తూ పోతే అంకశ్రేఢి, ఒకే అంకెతో గుణించుకుంటూ పోతే గుణశ్రేఢి, మూడోది హరాత్మక శ్రేఢి. మూడోదాని గురించి చెప్పుకోవడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. పదాల్ని తలకిందులు చేస్తే అంకశ్రేఢి వచ్చేస్తుంది, లెక్క చేసి మళ్ళీ తలకిందులు చేసి పెట్టేవాళ్ళం. కథంతా మొదటి రెండింటిదే.

అంకశ్రేఢిలో ఎన్నో పదం కావాలన్నా ఒకటే సూత్రం. “ఏ ప్లస్ ఎన్ మైనస్ వన్ ఇంటూ డీ” అని తెలుగు మీడియం వాళ్ళం కూడా ఇంగ్లీషు అక్షరాలతోనే పాడేవాళ్ళం. ఏ అంటే మొదటి పదం, ఎన్ అంటే ఎన్నో పదమో ఆ అంకె, డీ అంటే పదాంతరం, పదానికీ పదానికీ మధ్య తేడా. ఎన్ ఎందుకు కాదు, ఎన్‌లోంచి ఒకటి ఎందుకు తీసెయ్యాలి అన్నది మాత్రం చాలామందికి ఎక్కేది కాదు. ఇరవయ్యో పదం అడిగితే ఇరవై డీలు కలిపేసి, ఒక పదం ముందుకు దూకేసేవాళ్ళం. మాస్టారు ఒకరోజు నా పక్కవాణ్ణి లేపి చెయ్యి చాపమన్నారు. వాడు బెత్తం దెబ్బకి సిద్ధపడి కళ్ళు మూసుకున్నాడు. “వేళ్ళెన్ని?” అన్నారు. “ఐదు సార్.” “సందులెన్ని?” వాడు కళ్ళు తెరిచి లెక్కపెట్టుకున్నాడు. “నాలుగు.” “అదే ఎన్ మైనస్ వన్. కూర్చో.” ఆ తర్వాత పరీక్ష హాల్లో కూడా ఎడంచేతి వేళ్ళు విప్పి సందులు చూసుకున్న వాళ్ళని నేను చూశాను. అందులో నేనూ ఉన్నాను.

తెల్లవారుజామున ఐదింటికి స్కూల్లో స్టడీ అవర్ ఉండేది. కరెంటు ఉంటే ఉండేది, లేకపోతే ఎవరి లాంతరు వాళ్ళది. చలికాలం దుప్పట్లు కప్పుకునే వచ్చేవాళ్ళం. ఆ గంటన్నరలో మాస్టారు కొత్తగా ఏమీ చెప్పేవారు కాదు. బోర్డు మీద ఐదు లెక్కలు రాసి కుర్చీలో కూర్చుని శాలువాలోంచి చూసేవారు. మూడు సంఖ్యలు అంకశ్రేఢిలో ఉన్నాయి, మొత్తం 15, లబ్ధం 80, అవేవి? మొదటిసారి నేను ఏ, ఏ ప్లస్ డీ, ఏ ప్లస్ టూ డీ అని మొదలుపెట్టి పేజీన్నర నింపి ఎక్కడికీ తేలలేదు. ఆయన వచ్చి నా పెన్ను తీసుకుని మధ్యలో ‘ఏ’ రాసి, దానికి ఎడంపక్క ‘ఏ మైనస్ డీ’, కుడిపక్క ‘ఏ ప్లస్ డీ’ రాసి వెళ్ళిపోయారు. కలిపితే డీలు రెండూ ఒకదాన్నొకటి తినేశాయి. మిగిలింది మూడు ఏలు, అంటే ఏ 5. తర్వాత రెండు వరసల్లో అయిపోయింది: 2, 5, 8. మధ్యలో నిలబడి రెండు పక్కలకీ చూడాలని అప్పటిదాకా నాకు తట్టనేలేదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన లెక్క ఇంకొకటి ఉంది. 5, 55, 555... ఇలా ఎన్ పదాల మొత్తం ఎంత? చూస్తే ఇది అంకశ్రేఢీ కాదు, గుణశ్రేఢీ కాదు. ఐదు బయటికి తీస్తే 1, 11, 111 మిగులుతాయి, అవీ దేనికీ లొంగవు. అప్పుడు తొమ్మిదితో గుణించి తొమ్మిదితో భాగించాలి. అంటే చేసింది ఏమీ లేదు. కానీ లోపల 9, 99, 999 తయారయ్యాయి. అవి పది మైనస్ ఒకటి, వంద మైనస్ ఒకటి, వెయ్యి మైనస్ ఒకటి. తలుపు తెరుచుకుంది. ఆ తొమ్మిది మొదట ఎవరికి తట్టిందో గానీ, ఏమీ చెయ్యనట్టే ఉండి పని జరిపించే మా ఊరి పెద్దమనిషి ఒకాయన గుర్తొచ్చేవాడు నాకు. జవాబు వచ్చాక ఎన్ బదులు 3 పెట్టి చూడమనేవారు మాస్టారు. సూత్రంలోంచి 615 రావాలి, చేత్తో కలిపినా 615 రావాలి. రెండూ ఒకటైతేనే టిక్కు. సూత్రాన్ని నమ్మే ముందు చిన్న అంకెతో దాన్ని నిలదీసే ఆ అలవాటు ఆయన పెట్టిందే.

ఒకటి నుంచి వంద దాకా కలపమంటే క్షణాల్లో 5050 అని చెప్పిన జర్మనీ కుర్రాడు గౌస్ కథ మా మాస్టారూ చెప్పారు. లెక్కల మాస్టార్లందరూ చెబుతారు. ఆయన దాని వెనకే ఇంకో మాట అన్నారు: “గౌస్ పుట్టింది 1777లో. ఆర్యభటుడు 499 ప్రాంతంలోనే ఇది శ్లోకంలో పెట్టాడు. మొదటిదీ చివరిదీ కలుపు, పదాల సంఖ్యలో సగంతో గుణించు. అంతే.” ఆ శ్లోకంలోని మాట ‘పదార్ధహతం’ అని కూడా చెప్పారు. ‘పదాల్లో సగంతో గుణించినది’ అని అర్థం. మేం దాన్ని ‘పదార్థహతం’ అనుకుని వారం రోజులు అన్నం దగ్గర జోకులేసుకున్నాం.

మా అక్క నాకంటే మూడేళ్ళు పెద్దది. పదో తరగతి లెక్కల్లో తప్పింది. మళ్ళీ కట్టించే ఓపిక ఇంట్లో ఎవరికీ లేకపోయింది. నేను శ్రేఢులు మొదలుపెట్టిన ఆ ధనుర్మాసంలో అక్క తెల్లవారకముందే లేచి కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టేది. నేను స్టడీ అవరుకి బయల్దేరే వేళకి వాకిట్లో చుక్కలు పూర్తయ్యేవి. ఒకరోజు పదిహేను చుక్కల సరిచుక్క పెట్టింది. మధ్య వరసలో 15, దానికి పైనా కిందా 13, ఆ తర్వాత 11, అలా తగ్గుతూ అటు ఒకటి, ఇటు ఒకటి. లాంతరు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయాను. పదాంతరం రెండు. ముందురోజే చేసిన లెక్క అది.

“అక్కా, మొత్తం ఎన్ని చుక్కలో చెప్పనా?” అన్నాను.

“తొక్కకుండా పక్కనుంచి పోరా” అంది.

అక్కడే నిలబడి చేశాను. 1, 3, 5 అలా 15 దాకా ఎనిమిది పదాలు, మొత్తం 64. ఇక కింది సగం 13తో మొదలై ఒకటి దాకా ఏడు పదాలు, మొత్తం 49. రెండూ కలిపి 113. బేసి సంఖ్యల్ని మొదట్నుంచి వరసగా కలిపితే వర్గాలే వస్తాయని మాస్టారు చెప్పింది, ఆ వాకిట్లో ఎనిమిది ఎనిమిదులూ ఏడు ఏడులూ అయ్యి కనపడింది. గొప్పగా చెప్పాను. అక్క నడుము నిలుపుకుని ఒకసారి చుక్కల వంక చూసింది. “లెక్కపెట్టి ఏం జేస్తావురా. ఒక్క చుక్క తప్పితే కలిపేటప్పుడు ముగ్గే చెబుద్ది” అంది.

పరీక్షలో తప్పిన మనిషి ఆ మాట అన్నదని అప్పుడు నాకు తట్టలేదు. మర్నాడు సందుచుక్క పెట్టింది. చుక్కకీ చుక్కకీ మధ్య సందులో తర్వాతి వరస చుక్క పడుతుంది కాబట్టి ఒక్కోటే తగ్గుతుంది: 15 నుంచి 8 దాకా. పదాంతరం ఒకటి. ఈసారి నేను ఏమీ అనకముందే “ఇదెంతరా?” అని తనే అడిగింది. 169 అని చెప్పాను. అది పదమూడు పదమూళ్ళు అని నాకు బడికి వెళ్ళే దారిలో గానీ తట్టలేదు.

గుణశ్రేఢి సంగతికొస్తే, ఒకరోజు లెక్కల మాస్టారు సెలవు పెడితే తెలుగు మాస్టారు క్లాసుకి వచ్చారు. బోర్డు మీద చెరపకుండా ఉన్న 1, 2, 4, 8 చూసి, “ఇది మా సొత్తురా” అన్నారు. చదరంగం గడుల్లో మొదటి గడికి ఒక గింజ, రెండోదానికి రెండు, మూడోదానికి నాలుగు, అలా 64 గడులూ నింపితే ఎన్ని గింజలో చెప్పే పద్యం తెలుగులో ఉందన్నారు. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని పదకొండో శతాబ్దంలో తెలుగు చేసిన పావులూరి మల్లనదని చెబుతారట. ‘శర శశి షట్క చంద్ర శర సాయక’ అని మొదలుపెట్టి గుక్కతిప్పుకోకుండా చదివేశారు. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తర్వాత బోర్డు దగ్గరికి పిలిచి ఒక్కో మాటకీ ఒక్కో అంకె వేయించారు. శరం అంటే బాణం, మన్మథుడి బాణాలు ఐదు కాబట్టి 5. శశి ఒక్కడే, 1. షట్కం 6. రంధ్రాలు తొమ్మిది. వియత్తు అంటే ఆకాశం, సున్నా. అగ్నులు మూడు, కొండలు ఏడు, సముద్రాలు నాలుగు, బ్రహ్మ ముఖాలు నాలుగు, కుంజరాలు అంటే దిగ్గజాలు, ఎనిమిది. చివర తుహినాంశుడు, అంటే మళ్ళీ చంద్రుడు, ఒకటి. ఇరవై అంకెలు వచ్చాయి. “ఇప్పుడు వెనకనుంచి చదవండి. అంకెలకి నడక ఎడమవైపుకి” అన్నారు.

18446744073709551615.

క్లాసంతా నోరెళ్ళబెట్టింది. నాకు మాత్రం అనుమానం పట్టుకుంది. సూత్రాన్ని చిన్న అంకెతో నిలదీసే అలవాటు అప్పటికే అయింది గదా, పద్యాన్ని ఎందుకు వదలాలి? ఆ రాత్రి రఫ్ నోటులో రెట్టింపులు మొదలుపెట్టాను. ముప్పై రెండు రెట్టింపులకి 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 దాకా వచ్చి పడుకున్నాను. మర్నాడు ఎక్కడో ఒక ఒకటి చేతిలో మిగిలింది మర్చిపోయాను. కింద వరసన్నీ తప్పు. మూడో రోజు మళ్ళీ మొదట్నుంచీ. అరవై నాలుగు రెట్టింపులూ అయ్యాక పద్యం పక్కన పెట్టి చూసుకుంటే అంకెలన్నీ కలిశాయి, చివరిది తప్ప. పద్యంలో 615, నాకు 616. నేనే మళ్ళీ తప్పానని ఏడుపొచ్చినంత పనైంది.

లెక్కల మాస్టారికి చూపిస్తే నవ్వారు. “చిన్న అంకెతో చూడు” అన్నారు, అలవాటు ప్రకారం. మూడు గడులే ఉన్నాయనుకుంటే 1, 2, 4 కలిపితే 7. మూడు రెట్టింపులు చేస్తే 8. నేను 64 సార్లు రెట్టించి చేరుకున్నది అరవై ఐదో గడి. చదరంగం బల్లలో లేని గడి. దాంట్లోంచి ఒక్క గింజ తీసేస్తే మిగిలిన గడులన్నిటి మొత్తం. పద్యం కరెక్టే, నా గుణకారమూ కరెక్టే. “మూడు రోజులు దేనికి పోగొట్టావు, ముప్పై రెండు దగ్గర ఆగి దాన్ని దాంతోనే గుణిస్తే సరిపోయేది” అని కూడా అన్నారు. అది వినగానే ఆ మూడు రోజుల కష్టం మీద చన్నీళ్ళు పోసినట్టైంది.

సంక్రాంతి సెలవులయ్యాక గుణశ్రేఢి అభ్యాసాలు నడుస్తుండగా మాస్టారు వడ్డీ లెక్కలోకి దిగారు. “బారువడ్డీ అంటే ఏ శ్రేఢి?” అన్నారు. ప్రతి ఏడూ ఒకే మొత్తం పెరుగుతుంది కాబట్టి అంకశ్రేఢి. “చక్రవడ్డీ?” ప్రతి ఏడూ ఒకే రెట్టు పెరుగుతుంది కాబట్టి గుణశ్రేఢి. బారువడ్డీ మెట్లెక్కినట్టు, చక్రవడ్డీ కొండెక్కినట్టు అని చెప్పారు. అది నోట్సులో రాసుకున్నానో లేదో గుర్తులేదు గానీ, ఇంటికెళ్ళి నాన్నని అడిగిన మాట మాత్రం గుర్తుంది: “మన అప్పు ఏ వడ్డీ నాన్నా?”

“బారువడ్డీనేరా. చక్రవడ్డీ కట్టించుకునేంత చెడ్డోడు కాదు బాబాయి” అన్నాడు నాన్న.

ఆయన మాకు చుట్టం కాదు, ఊరి వరసంతే. నాన్నకి బాబాయి, నాకు తాతయ్య. 1996లో పత్తి పెట్టుబడికని ఆయన దగ్గర 20 వేలు తెచ్చాడు నాన్న. నూటికి రెండు రూపాయలు, నెలకి. రూపాయి వడ్డీని ధర్మవడ్డీ అనేవాళ్ళు, కానీ ధర్మవడ్డీకి ఇచ్చేవాళ్ళు ఊళ్ళో దొరికేవాళ్ళు కాదు. నెలకి 400, ఏడాదికి 4,800. మెట్లెక్కినట్టే.

కానీ ప్రోనోటుకి, అంటే అప్పు రాసిచ్చిన కాయితానికి, ఆయుష్షు మూడేళ్ళు. ఆ గడువులోపు దావా వెయ్యకుండా, కొంత కట్టినట్టు నోటు మీద రాయించకుండా, కొత్త నోటూ రాసుకోకుండా ఉంటే కాలదోషం పడుతుంది, కోర్టులో చెల్లదు. అందుకని మూడేళ్ళు నిండబోయే ముందు నోటు తిరగరాస్తారు. మూడేళ్ళ వడ్డీ 14,400. అసలుతో కలిపి 1999లో కొత్త నోటు 34,400కి రాశారు. ఇక్కడినుంచి నెలకి 400 కాదు, 688. వచ్చే ఏప్రిల్‌కి మళ్ళీ మూడేళ్ళు నిండుతాయి. ఆ లెక్క నేనే వేశాను. వడ్డీ 24,768, మొత్తం 59,168.

రఫ్ నోటులో మూడు అంకెలూ వరసగా రాసుకున్నాను: 20,000, 34,400, 59,168. ఒక అనుక్రమం ఇచ్చి ఇది ఏ శ్రేఢో చెప్పమంటే ఏం చెయ్యాలో అప్పటికి వంద సార్లు చేసి ఉంటాను. ముందు ఒకదాంట్లోంచి ఒకటి తీసెయ్యి. తేడాలు సమానంగా లేవు. అంకశ్రేఢి కాదు. ఇప్పుడు ఒకదాన్ని ముందుదాంతో భాగించు. 34,400ని 20,000తో భాగిస్తే 1.72. 59,168ని 34,400తో భాగిస్తే 1.72. రెండోసారి కూడా అదే అంకె వచ్చినప్పుడు పెన్ను కింద పెట్టేశాను. అప్పటిదాకా గుణశ్రేఢిలో సామాన్య నిష్పత్తి అంటే 2, 3, లేకపోతే ఒకటి బై రెండు. పుస్తకాల్లో ఎప్పుడూ అలాంటి మంచి అంకెలే ఉంటాయి. 1.72 అనే అంకెని నేను అంతకు ముందు ఎక్కడా చూడలేదు. మా ఇంట్లో ఆరేళ్ళుగా ఉంటోంది అది.

మాస్టారికి చూపించాను. “ఇదెక్కడి లెక్క?” అన్నారు. మా ఇంటిదన్నాను. కాసేపు ఆ పేజీ వంక చూశారు. “నోటు లోపల అంకశ్రేఢి. నోటుకీ నోటుకీ మధ్య గుణశ్రేఢి” అన్నారు మెల్లగా, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. కింద ఎర్రసిరాతో టిక్కు పెట్టారు. మామూలుగా టిక్కు పక్కన మార్కులు వేసేవారు. దీనికి వెయ్యలేదు.

ఆ రోజు రాత్రి నాన్న చేలోంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక చెప్పాను. బారువడ్డీయే అయితే ఆరేళ్ళకి 48,800 అవ్వాలి, మనం 10,368 ఎక్కువ కడుతున్నాం, ఇది మూడేళ్ళకోసారి తిరిగే చక్రవడ్డీ అని. నాన్న కోప్పడతాడనుకున్నాను, లేకపోతే ఆశ్చర్యపోతాడనుకున్నాను. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, “నీ అంకె నాకు తెలవదు గానీ సంగతి తెలుసురా. తెలిసి చేసేదేముంది, విత్తనాలకి మళ్ళీ ఆయన దగ్గరికే పోవాల గదా” అన్నాడు. అమ్మ అన్నం పెట్టింది. ఆ మాట అంతటితో ఆగిపోయింది.

తర్వాత ఎప్పుడో, ఉద్యోగంలో చేరాక, లీలావతి గణితం తిరగేస్తుంటే అందులో ‘శ్రేఢీ వ్యవహారం’ కనపడింది. 1150లో భాస్కరాచార్యుడు రాసింది. ముందు ఆ ఢ కింది గీత చూసుకున్నాను, పాత అలవాటు. మొదటి పదాన్ని ఆయన ‘ఆది’ అన్నాడు, పదాంతరాన్ని ‘చయం’, పదాల సంఖ్యని ‘గచ్ఛం’. మొత్తాన్ని మాత్రం ‘సర్వధనం’ అన్నాడు. లెక్కల్లోనూ కొన్ని డబ్బు మీదే. ఒకాయన బ్రాహ్మణులకి మొదటి రోజు నాలుగు ద్రమ్మాలిచ్చి, రోజూ ఐదేసి పెంచుతూ పక్షం రోజులు దానం చేశాడు, మొత్తం ఎంత? వేళ్ళ సందులు చూసుకుని చేశాను, 585. ఇంకొకాయన మొదట రెండు గవ్వలిచ్చి రోజూ రెట్టిస్తూ నెల రోజులు ఇస్తానని మాటిచ్చాడు. అది 214 కోట్ల 74 లక్షల 83 వేల 646 గవ్వలు. ఆ రెండు లెక్కల్లోనూ పెరిగేది దానమే. మా ఇంట్లో పెరిగింది అప్పు. అంతకు మించి తేడా లేదు, సూత్రం ఒకటే.

మార్చిలో పరీక్షలు రాశాం. అట్ట, రెండు రెనాల్డ్స్ పెన్నులు, అమ్మ పెట్టిన బొట్టు. మొదటి పేపరులో శ్రేఢుల నుంచి నాలుగు మార్కుల లెక్క చేశాను, చేసి ఎన్ బదులు 3 పెట్టి కూడా చూసుకున్నాను. ఆ చూసుకోవడంలో టైము పోయి గ్రాఫు లెక్క సగంలో ఆగింది. దానికి ఐదు మార్కులు! స్నేహితులు తిట్టారు. ఇప్పటికీ ఆ పేపరు గుర్తొస్తే ఎక్స్ అక్షం గీసి వై అక్షం గియ్యని ఆ గ్రాఫు కాయితమే కళ్ళ ముందు కనిపిస్తుంది.

పరీక్షలైన వారానికి నోటు తిరగరాయడానికి తాతయ్య మా ఇంటికే వచ్చాడు. ఊళ్ళో నోట్లు రాసే ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. నులకమంచం వాల్చాం, అక్క మజ్జిగ ఇచ్చింది. రాసే ఆయన కళ్ళజోడు సవరించుకుని కాయితం మీద వడ్డీ కట్టడం మొదలుపెట్టాడు. నేను గుంజని ఆనుకుని నిలబడి ఉన్నాను. నాన్న నా వంక చూసి, “నువ్వు చెప్పరా ఎంతయిద్దో” అన్నాడు.

“యాభై తొమ్మిది వేల నూట అరవై ఎనిమిది” అన్నాను. జనవరి నుంచీ నోట్లో నానుతున్న అంకె.

రాసే ఆయన తల ఎత్తకుండా ఇంకో రెండు నిమిషాలు కట్టుకుని, “అంతే” అన్నాడు.

తాతయ్య నన్ను దగ్గరికి పిలిచి వీపు తట్టాడు. “కాయితం లేకుండా చెప్పాడే” అన్నాడు. నాన్నతో, “ఆ నూట అరవై ఎనిమిదీ వదిలేయరా, పిల్లోడి లెక్కకి నా బహుమానం అనుకో. యాభై తొమ్మిది వేలకి రాయి” అన్నాడు. నాన్న సంతోషంగా నవ్వాడు. నేనూ నవ్వాననే గుర్తు. రెవెన్యూ స్టాంపు నాలిక మీద తడిపి అంటించారు, దాని మీదుగా నాన్న పేరు పొడుగ్గా సంతకం పెట్టాడు. పాత నోటు మీద చెల్లు రాసి చించి ఇచ్చేశారు.

తాతయ్య మీద నాకు కోపం లేదు. అప్పుడూ లేదు. ఆయన మోసం చెయ్యలేదు, ఒక్క పైసా ఎక్కువ వెయ్యలేదు, పైగా తగ్గించాడు. ఆయనకి నాన్న ఎంత చదువుకున్నాడో అంతే చదువు. ‘1.72’ అని ఆయనెప్పుడూ అనుకుని ఉండడు. ఆ మూడో నోటు మూడేళ్ళు నిండకముందే, 2004లో, కాలవ పక్క ఎకరం అమ్మి తీర్చేశాం. ఇప్పుడు నా జీతంలోంచి నెల నెలా కోసుకునే ఇంటి లోను ఈఎంఐ కూడా గుణశ్రేఢి మొత్తం సూత్రంలోంచి వచ్చేదే. నేను దాన్ని చిన్న అంకెతో సరిచూసుకున్నాకే సంతకం పెట్టాను.

నోటు రాసిన ఆ రాత్రి ఆరుబయట పడుకున్నాం. అటు మంచం మీద నాన్న, ఇటు నేను. నిద్రపోయాడనుకున్నాను.

“ఒరేయ్, ఇది ఎక్కడ ఆగుద్దిరా?” అన్నాడు ఉన్నట్టుండి.

ఏది అని అడగలేదు నేను. “నిష్పత్తి ఒకటికంటే ఎక్కువుంటే ఆగదు నాన్నా. పెరుగుతానే ఉంటది. ఒకటికంటే తక్కువుంటే ఎన్ని పదాలు కలిపినా ఒక అంకె దాటదు” అన్నాను. అనంత గుణశ్రేఢి అప్పగించినట్టే అప్పగించాను.

“ఒకటికంటే తక్కువ ఎట్టా అయిద్ది?”

“వడ్డీ కంటే ఎక్కువ కడతా ఉండాలి, ఏటేటా. మూడేళ్ళలో నలభై రెండు వేల చిల్లర వడ్డీ అయితే యాభై వేలు కట్టామనుకో, తిరగరాసే నోటు చిన్నదవుద్ది.”

నాన్న మనసులో ఏదో కట్టుకుంటున్నట్టు కాసేపు మాట్లాడలేదు. దూరంగా ఎవరి కల్లంలోనో కుక్క మొరిగింది. మిరపకాయల ఘాటు గాలిలో తేలి వచ్చి నాకు తుమ్మొచ్చింది.

“దుప్పటి కప్పుకో. రేపు పొద్దున్నే ఆఖరి కోత, కూలోళ్ళు తక్కువొస్తన్నారు. నువ్వూ రావాల” అని అటు తిరిగి పడుకున్నాడు.